అట్ట మీద ఉన్నట్టే

మా పిన్ని జీవితమంతా పాటలు పాడింది. వాటిలో జనం చెవిన పడ్డది ఒక్కటే. ఆ ఒక్కటీ ఇంకొకరి పేరు మీద ఉంది. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ దాచలేదు, దీని గురించి ఎవరూ ఏడవనూ లేదు. ఏడవాల్సిన రోజొకటి వస్తుందని అప్పట్లో మాకు తెలియదు.

పిన్ని చేసిన పనిని ట్రాక్ పాడటం అంటారు. పాట కట్టాక పేరున్న గాయనికి అది నేర్పాలి. ఆ గాయనికి తీరిక ఉండదు. అందుకని మా పిన్నిలాంటి వాళ్లను పిలిచి, వాయిద్యాల మీద పాడించి, ఆ టేపు పంపుతారు. ఆవిడ విని, నేర్చుకుని, వచ్చి పాడుతుంది. పిన్ని గొంతు తుడిచేసి ఆ చోట ఆవిడ గొంతు పెడతారు. ఇల్లు పూర్తయ్యాక పరంజా విప్పేసినట్టే. పరంజా మీద ఎవరైనా పేరు చెక్కించుకుంటారా అని పిన్నే నవ్వేది.

ఒక్కసారి మాత్రం పరంజా ఉండిపోయింది. ఆ రోజు పాడటానికి వచ్చిన గాయనిని అందరూ పెద్దావిడ అనేవారు. ఆవిడకు గొంతు పట్టేసింది. మళ్లీ మళ్లీ పాడి చూసి, చివరికి అద్దం అవతల గదిలో కూర్చుని పిన్ని పాడిన ట్రాక్ మొత్తం విన్నదట. "దీన్ని చెడగొట్టకండి, ఇలాగే వదలండి" అని లేచి వెళ్లిపోయిందట. అప్పటికే రికార్డు అట్టలు అచ్చయిపోయాయి. అట్ట మీద పెద్దావిడ పేరుంది, లోపల పిన్ని గొంతుంది. ఎవరూ ఎవరికీ అన్యాయం చేయలేదు. పెద్దావిడ మంచి మనిషే, పోయేదాకా ఎక్కడ కనిపించినా పిన్నిని పక్కన కూర్చోబెట్టుకునేది. మా అమ్మ పోయాక పిన్ని నన్ను తన దగ్గరే పెట్టుకుంది. ఆ పాట ఎక్కడ వినిపించినా "అదుగో, నేనే" అని నన్ను గిల్లేది. అంతకు మించి ఆవిడకు గొప్పలు లేవు.

ఆ మధ్య పిన్నికి గొంతులో పుండు లేచింది. స్వరపేటిక తీసేస్తే గానీ మనిషి దక్కదన్నారు. పరీక్షలకు తీసుకెళ్లిన రోజున నర్సు బరువు చూస్తూ, ఏదో మాట కలపడానికి అడిగింది.

"ఏం చేసేవారమ్మా?"

"పాడేదాన్ని" అంది పిన్ని.

నర్సు మొహం చిన్నబోయింది. గొంతు పోతున్న మనిషి ఆ జవాబు చెబుతుందని అనుకోలేదు పాపం. "ఏం పాటలమ్మా?" అంది. పిన్ని ఆ పాట పేరు చెప్పింది.

"అబ్బ! మా అమ్మకు అదంటే ప్రాణం!" అంటూ నర్సు ఫోను తీసి వెతికింది. పాటలన్నిటికీ ఎవరు పాడారు, ఎవరు వాయించారు అని జనమే రాసిపెట్టే సైటు ఒకటుంది. ఏ పాట వెతికినా ముందు వచ్చేది అదే. నర్సు అందులో చూసింది, పిన్నిని చూసింది. నవ్వు అలాగే ఉంది గానీ కళ్లు మారిపోయాయి. "అవునామ్మా? మంచిదమ్మా" అని, 'నేను రాణిని' అన్న పసిపిల్లకు తల ఊపినట్టు ఊపింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పిన్ని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"అది ఎందులో చూసిందే?"

చెప్పాను.

"అందులో ఎవరు రాస్తారు?"

"ఎవరైనా రాయొచ్చు పిన్నీ."

"అయితే నువ్వు రాయి. ఆపరేషన్ లోపల రాయించు." ఆవిడ గొంతు అప్పటికే గరగరమంటోంది. "ఇన్నాళ్లూ అడిగినవాళ్లకు నోటితో చెప్పుకున్నాను. నమ్మినవాళ్లు నమ్మారు, లేనివాళ్లు లేదు. ఇంక నోరుండదు కదే. నా బదులు అది చెప్పాలి."

అదెంత పని అనుకున్నాను. నాకు కళ్లద్దాల కొట్టుంది. కంటి పరీక్ష నేనే చేస్తాను, అద్దాలు చెక్కి ఫ్రేములో బిగించేది మా ఆయన. మర్నాడు మధ్యాహ్నం బేరాలు లేని వేళ కౌంటరు మీద లాప్‌టాప్ పెట్టుకుని, సైటులో ఖాతా తెరిచి, పెద్దావిడ పేరు తీసి పిన్ని పేరు టైపు చేశాను. మార్పు భద్రమైంది అని ఆకుపచ్చ గీత వచ్చింది. పిన్నికి ఫోన్ చేసి "ఎక్కింది పిన్నీ" అని కూడా చెప్పేశాను. ఇల్లలకగానే పండగ కాదని ఎన్నిసార్లు విన్నాను, ఒక్కసారైనా బుర్రకెక్కితేగా!

ఒక ముసలాయనకు అక్షరాల బోర్డు చూపించి వచ్చేసరికి పేరు మళ్లీ మారిపోయింది. కింద ఒక సభ్యుడి గమనిక: "దయచేసి నియమావళి చదవండి. పేర్లు అట్ట మీద ఉన్నట్టే నమోదు చేయాలి." ఆ సైటులో పాత పాటలన్నిటికీ కాపలా ఆయనే. ఎవరు ఏది ముట్టుకున్నా వచ్చేస్తాడు. అసలు పేరు తెలియదు గనక నేను మునసబు అని పెట్టుకున్నాను.

నియమావళి చదివాను. అద్దెకిచ్చే ఇంటివాళ్లు కూడా అన్ని షరతులు పెట్టరు. అట్ట తప్పయితే ఏం చేయాలో మాత్రం ఎక్కడా లేదు. చివరికి "అదనపు కళాకారులు" అని ఒక గడి దొరికింది. అక్కడ పిన్ని పేరు టైపు చేస్తుంటే కింద అదే పేరు దానంతటదే వచ్చింది. ఎంత తెలివైన సైటు అని మురిసిపోయి దాన్నే నొక్కాను.

మర్నాడు పొద్దున టీ తాగుతూ మా ఆయన నా లాప్‌టాప్‌లోకి తొంగిచూసి, "మీ పిన్ని మన దగ్గర చాలా దాచిందోయ్" అన్నాడు. చూద్దును కదా, అదే పేరున్న ఇంకెవరో. ఎక్కడో దూరదేశంలో డ్రమ్స్ వాయించే అమ్మాయి. గుండు, చేతుల నిండా పచ్చబొట్లు, ఆ పాట వచ్చేనాటికి పుట్టనైనా లేదు. ఆ పాట ఇప్పుడు ఆ పిల్ల ఖాతాలోకి చేరింది. ఆ అమ్మాయి అభిమాని ఒకడు అప్పుడే "మా తల్లి పుట్టకముందే పాడిందా!" అని కింద రాసి పెట్టాడు.

దాన్ని తీసేయడానికి ప్రతిపాదన పెట్టాలి, దాని మీద సభ్యులు ఓట్లు వేయాలి. పెట్టాను. ఎన్నడూ లేనిది అందరూ అవునని ఓటేశారు, మునసబు అందరికంటే ముందు వేశాడు. నేను పెట్టినవాటిలో నెగ్గిన ప్రతిపాదన అదొక్కటే, పిన్ని పేరు తీసేయమన్నది.

సాయంత్రం పిన్ని ఇంటికి వెళితే "ఎక్కిందా?" అని అడిగింది. "ఎక్కుతోంది" అన్నాను. అబద్ధం ఆడటం నాకు చేతకాదు, మొహం చూస్తే తెలిసిపోతుంది. పిన్ని దిండు సర్దుకుంది.

అప్పుడు నేను మునసబుతో నేరుగా వాదనకు దిగాను. ట్రాక్ పాడేవాళ్లకు ఒక పద్ధతి ఉంటుంది. ప్రతి పాదం మొదలయ్యే ముందు ఊపిరి పైకే వినపడేలా పీలుస్తారు. నేర్చుకునేవాళ్లకు ఎక్కడ అందుకోవాలో తెలియడానికి అది గుర్తు. పేరున్న గాయనులు అలా చేయరు, మైకు నుంచి మొహం పక్కకు తిప్పుకుని ఊపిరి తీసుకుంటారు. పెద్దావిడ పాటలు ఎన్నయినా వినండి, ఊపిరి ఉండదు. ఈ పాటలో చరణం చరణానికీ ఉంది. ఇదంతా ఓపిగ్గా రాశాను. నిజం చెప్పాలంటే రాస్తుంటే నాకే ఒళ్లు పులకరించింది, ఇంక తిరుగేముంటుంది అనుకున్నాను.

మునసబు జవాబు రాయడానికి టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. "ఆసక్తికరమైన పరిశీలన. కానీ వినికిడి ఆధారం కాదు."

పాటల సైటులో వినికిడి ఆధారం కాదట! మా ఆయనకు చదివి వినిపిస్తే, "మన కొట్లో కూడా బోర్డు పెడదామా, చూపు ఆధారం కాదని?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

పాడిన మనిషే బతికి ఉంది, ఆవిడే చెబుతోంది అని రాశాను. "కళాకారుల జ్ఞాపకం ఆధారం కాదు. బంధువుల మాట అసలే కాదు" అన్నాడు. కాకిపిల్ల కాకికి ముద్దు అని ఇంకెవరో కింద తగిలించారు. ఆ పూట కొట్లో ఒకాయన బోర్డు మీద అక్షరాలు గడగడా చదివేస్తుంటే, చూసి చదువుతున్నారా, నిరుడు బట్టీ పట్టింది చదువుతున్నారా అని కసిరాను. ఆయన పాత బేరం. అద్దాలు చేయించుకోకుండానే వెళ్లిపోయాడు.

ఆ పాట రికార్డయిన రోజు ఆ గదిలో ఉన్నవాళ్లలో మిగిలింది ఒక్కడే, రికార్డింగు ఇంజనీరు. పిన్ని ఆయన్ని మీటలాయన అనేది. వెతుక్కుంటూ వెళ్లాను. మేడ మీద ఒంటి గదిలో ఉంటున్నాడు. మంచానికీ గోడకూ మధ్య పాత టేపు యంత్రం ఉంది, దాని మీద మందు సీసాలు పెట్టుకున్నాడు. నేను సంగతి చెప్పడం పూర్తి కాకముందే చేయెత్తి ఆపాడు.

"మీ పిన్నే పాడింది. నేనే కదా రికార్డు చేసింది. పెద్దావిడ అద్దం ఇవతల నా పక్కనే కూర్చుంది. కళ్లు తుడుచుకుంది కూడా. ఇందులో అనుమానమేంటమ్మా?"

"అనుమానం మనకు కాదు బాబాయిగారూ. అదే మాట ఫోనులో చెప్పండి."

చొక్కా మార్చుకుని, జుట్టు దువ్వుకుని మరీ చెప్పాడు. ఆ వీడియో సైటులో పెట్టాను. ఈయన ఎవరు, ఈయనకు మా దగ్గర పేజీ లేదు అన్నాడు మునసబు. పేజీ పెడదామంటే ఏదో ఒక అట్ట మీద ఆయన పేరుండాలట. ఆ రోజుల్లో అట్టల మీద ఇంజనీర్ల పేర్లు ఎవరు వేశారు కనక! దొంగ చేతికే తాళాలు ఇచ్చినట్టు ఉంది వ్యవహారం, తప్పు అట్టదని చెబుతుంటే అట్టనే సాక్షిగా తెమ్మంటాడు.

అయినా మునసబును పూర్తిగా తిట్టలేను. ఒకరోజు ఆయనే విడిగా రాశాడు: "మీ బాధ అర్థమైంది. ఇక్కడ రోజూ ఎంతోమంది తమవాళ్లే పాడారని వస్తారు. అందరి మాటా వింటే ఇక్కడ ఏదీ నిలవదు. ఏదైనా పత్రికలో అచ్చయితే తీసుకురండి. నేనే ముందు ఓటేస్తాను." ఆ ఉత్తరం చదివి కళ్లనీళ్ల పర్యంతమయ్యాను. ఆడిపోసుకోవడానికి కూడా మనిషి మిగల్లేదు.

మా కొట్టుకు వచ్చే ఒక విలేకరి అమ్మాయి ఉంది, ఎప్పుడూ అద్దాల కాడ విరగ్గొట్టుకుని వస్తుంది. ఆ అమ్మాయిని బతిమాలాను. బతిమాలనక్కర్లేకపోయింది, విన్న వెంటనే ఎగిరి గంతేసింది. పిన్ని ఇస్త్రీ చీర కట్టుకుని, కిటికీ పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. మాట్లాడొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. పిన్ని వినలేదు. మంచినీళ్లు గుక్క గుక్కా తాగుతూ ఆ గరగర గొంతుతో అంతా చెప్పింది. ఊపిరి ఎలా పీల్చాలో చేసి చూపించింది. మధ్యలో దగ్గు తెర వచ్చి మొహం ఎర్రబడితే, "చాలు పిన్నీ" అన్నాను. "ఉండవే, ఆ అమ్మాయి రాసుకోవాలి కదా" అంది. ఆవిడ చివరి మాటల్లో సగానికి పైగా ఆ అమ్మాయికే ఖర్చయ్యాయి. నాకు కొంచెం కుళ్లు కూడా పుట్టింది.

వ్యాసం ఆపరేషన్ రోజు పొద్దున వచ్చింది. ఆసుపత్రి వరండాలో పేపరు విప్పాను. పెద్ద ఫోటో, కిటికీ వెలుగులో పిన్ని బ్రహ్మాండంగా ఉంది. శీర్షిక బాగుంది, రాత బాగుంది. రెండో వరుసలో ఈ వాక్యం ఉంది: "పెద్దావిడ గళంలో చిరస్థాయిగా నిలిచిపోయిన ఆ పాటను కూడా తొలుత ట్రాక్‌గా పాడింది ఈవిడే."

మళ్లీ చదివాను. ఇంకోసారి చదివాను. విలేకరి అమ్మాయికి ఫోన్ చేస్తే ఏడుపు గొంతుతో ఎత్తింది.

"నేను సరిగ్గానే రాసిచ్చానండీ. మా డెస్కులో పెద్దాయన అచ్చుకు ముందు అన్నీ సరిచూస్తారు. ఆ సైటులో చూస్తే పెద్దావిడ పేరుందట. పాపం మీ పిన్నిగారు, జబ్బు మనిషి, ఏదో పొరబడి చెప్పి ఉంటారు, అచ్చులో పడి నలుగురిలో నవ్వులపాలు కాకూడదని మార్చారట. మంచికే చేశారండీ."

"సవరణ వేయించు."

"అడిగానండీ. ఆధారం కావాలంటున్నారు."

"ఏం ఆధారం?"

"ఆ సైటులో మారితే వేస్తారట" అంది.

వరండా బెంచీ మీద కూర్చుండిపోయాను. లోపల తలుపు అవతల పిన్ని గొంతు కోస్తున్నారు. ఎవరి మీద అరవాలో తెలియలేదు. అందరూ మంచివాళ్లే, అందరూ జాగ్రత్తపరులే. ఆ జాగ్రత్తే నా కొంప ముంచింది. కనీసం సైటులో ఆ వ్యాసం పెట్టకుండా ఊరుకుందాం అనుకుని ఫోను తెరిచాను. నేను పెట్టనక్కర్లేదు. మునసబు పొద్దున్నే పేపరు చదివే రకం. వ్యాసం అప్పటికే జతచేసి, చర్చ మూసేశాడు. "ధన్యవాదాలు. మీరు సూచించిన పత్రికాధారంతోనే పెద్దావిడ పేరు నిర్ధారణ అయింది. మీ పిన్నిగారికి కొత్త పేజీ తెరిచాను" అని నాకు రాశాడు. ఆ పేజీలో పిన్ని ఫోటో ఉంది, పేరుంది. పాట పేరు కూడా ఉంది. దాని పక్కన: "ట్రాక్ మాత్రమే. విడుదల కాలేదు."

కొత్త ఆధారం దొరికేదాకా ఆ విషయం మళ్లీ ఎత్తకూడదని అడుగున ఎర్రగీత గీసి ఉంది.

పిన్ని గండం గడిచి ఇంటికి వచ్చింది. మెడ ముందు చిన్న రంధ్రం, దానికో గొట్టం. ఏదైనా చెప్పాలంటే ఫోనులో టైపు చేసి చూపిస్తుంది. వచ్చిన రోజే పేపరు అడిగింది. దాచుదామనుకున్నాను గానీ, వచ్చిపోయేవాళ్లంతా చూశామని చెబుతుంటే ఎన్నాళ్లు దాస్తాను? ఇచ్చాను. అద్దాలు పెట్టుకుని వేలితో వరుస వెంట వరుస చదివింది. ఫోటో మీద చేత్తో నిమిరింది. మళ్లీ మొదటి నుంచి చదివింది.

నేను ఊరుకోలేక గబగబా చెప్పేశాను. "వాళ్లు తప్పు వేశారు పిన్నీ. నేను వదలను. మీటలాయనతో ఇంకో పత్రికలో రాయిస్తాను. కోర్టుకైనా వెళతాను."

పిన్ని చేయి ఊపి ఆపింది. ఫోను తీసుకుని నెమ్మదిగా టైపు చేసింది. "వద్దులే. అచ్చులో వేశారంటే చూసే వేసి ఉంటారు."

"చూశారు పిన్నీ, తప్పు చూశారు. నువ్వే కదా పాడింది!"

ఆవిడ నా వైపు చూసి మళ్లీ టైపు చేసింది. "ఎన్ని ట్రాకులు పాడానో! ఏది ఉంచారో, ఏది తుడిచారో. అన్నీ కలిసిపోయాయేమో."

నాకు కోపం తన్నుకొచ్చింది. మాటలతో లాభం లేదని పాట పెట్టాను. వాయిద్యాలు అయ్యాయి. పిన్ని గొంతు వచ్చింది, నన్ను పెంచిన గొంతు, ఇంక ఈ గదిలో ఎన్నడూ వినపడని గొంతు. నాకు కన్నీళ్లు ఆగలేదు. పిన్ని తల కొంచెం వంచి, కళ్లు మూసుకుని, పరాయివాళ్ల పాట విన్నట్టు శ్రద్ధగా విన్నది. నన్ను గిల్లలేదు. రెండో చరణం నడుస్తుండగా కళ్లు తెరిచి, టైపు చేసి, ఫోను నా వైపు తిప్పింది.

"ఎంత బాగా పాడిందే ఆవిడ!"

నన్ను ఊరడించడానికి అంటోందేమోనని మొహంలోకి చూశాను. కాదు. నిజంగానే అంటోంది.